వెనక్కొచ్చే మురుగు

వాన పట్టిన అరగంటకో గంటకో బాత్‌రూములో గుడగుడ మొదలవుతుంది. నేల మీది జాలీలోంచి బుడగలు పైకొస్తాయి. ఆ వేళకు ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు, బట్టలుతకలేదు, అంట్లు కడగలేదు. అయినా కాసేపట్లో జాలీ చుట్టూ నల్లనీళ్లు మడుగు కడతాయి. దమ్మపేటలో గానీ, అటు అశ్వారావుపేటలో ఇటు సత్తుపల్లిలో గానీ, రోడ్డు కన్నా పల్లాన పడిన ఇళ్లకు జూలై, ఆగస్టు ముసుర్లలో ఎదురయ్యే కష్టమిది. కర్ర పెట్టి పొడుస్తారు. యాసిడ్ పోస్తారు. తెల్లారాక ప్లంబరును పిలుస్తారు. ఆయన వచ్చేసరికి వాన వెలిసి ఉంటుంది, నీళ్లు వాటంతటవే దిగిపోయి ఉంటాయి. గొట్టం విప్పి చూస్తే అడ్డమేమీ కనబడదు. మళ్లీ అల్పపీడనం పట్టిన రోజు మళ్లీ అదే కథ.

అడ్డమే లేకపోతే నీళ్లెందుకు వెనక్కొచ్చాయి? జవాబు తాపీ మేస్త్రీ దగ్గరుంది. పునాది మట్టం చూడాలంటే ఆయన సన్నని తెల్లటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు పట్టి, ఒక కొస ఈ మూలన, ఇంకో కొస ఆ మూలన పట్టిస్తాడు. మధ్యలో గొట్టం ఎన్ని వంకరలు తిరిగినా, కిందికి వేలాడినా, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. ఇంటి బాత్‌రూము నుంచి వీధి సైడు కాలువ దాకా వేసిన నాలుగంగుళాల పీవీసీ గొట్టం కూడా అచ్చం అలాంటి లెవెల్ పైపే. ఒక కొస జాలీ, రెండో కొస కాలువ. కాలువలో నీళ్లు గొట్టం నోటికి కింద ఉన్నంతసేపు ఇంటి నీళ్లు దిగిపోతాయి. కాలువ నిండి ఆ నోరు మునిగిందా, ఇక గొట్టంలోని నీటి మట్టాన్ని నిర్ణయించేది కాలువే. కాలువలో నీళ్లు మీ బాత్‌రూము గచ్చు కన్నా బెత్తెడు పైకి వస్తే, బాత్‌రూములోనూ బెత్తెడు నీళ్లు నిలబడతాయి. గొట్టం ఎంత శుభ్రంగా ఉంటే అంత తొందరగా వస్తాయి కూడా.

ఇక్కడొక లెక్క చూడాలి. నాలుగంగుళాల గొట్టాన్ని 40 అడుగులకు ఒక అడుగు వాటంతో వేస్తే, అది నిండుగా పారినప్పుడు సెకనుకు ఎనిమిది లీటర్లకు పైగా నీరు పోతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కుండపోత కురిసినా, 120 గజాల డాబా మీద పడే నీరు సెకనుకు లీటరున్నర లోపే. అంటే గొట్టానికి సత్తువ లేక కాదు. అవతలి కొస గాలిలో తెరుచుకుని ఉంటే అది ఇలాంటి డాబాలు ఐదింటి వాననైనా మోయగలదు. అవతలి కొస మునిగితే మాత్రం చెంబెడు నీళ్లు కూడా పోవు. వాటం అనే మాటకు అర్థమే రెండు కొసల మధ్య ఎత్తు తేడా. ఆ తేడాను కాలువ తినేసినప్పుడు ఎంత ఖరీదైన గొట్టమైనా ఏం చేస్తుంది?

అందుకే ముందు తేల్చుకోవాల్సింది మన ఇంటిది అడ్డమా, మట్టమా అన్నది. ఎండాకాలంలో కూడా ఒక్క సింకులోనే నీళ్లు నిలుస్తుంటే అది అడ్డం. నూనె జిడ్డు, జుట్టు, అన్నం మెతుకులు ఎక్కడో పట్టుకుని ఉంటాయి. వాన వచ్చినప్పుడే, అదీ ఇంట్లో అన్నిటికన్నా కిందనున్న జాలీలోంచే నీళ్లు వస్తుంటే అది మట్టం. ముందు పెరట్లో బట్టలుతికే గచ్చు, తర్వాత బాత్‌రూము, ఆ తర్వాతే కాస్త ఎత్తున్న మరుగుదొడ్డి బేసిన్ – ఈ వరస తప్పదు. తేల్చుకోవడానికి మేస్త్రీ పద్ధతే చాలు. పెద్ద వాన వెలిసిన మర్నాడు కాలువ గోడ మీద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో మరక కనబడుతుంది. గొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొసలో నీటిని ఆ మరకకు సరిచూసి, రెండో కొసను బాత్‌రూములో గోడకు ఆనించి సున్నంతో గీత పెట్టండి. గీత గచ్చు కన్నా పైనుంటే మీ ఇంటి కష్టం మీ గొట్టంలో లేదు. ఎంత ఎత్తున ఉందో అంత లోతు నీళ్లు మీ ఇంట్లోకి రాగలవు. ఈ ఒక్క కొలత తీసుకోకుండా గచ్చు పగలగొట్టి గొట్టాలు మార్చిన ఇళ్లను చూస్తే బాధ కలుగుతుంది. కొత్త గొట్టంలోంచి పాత నీళ్లే వస్తాయి.

ఈ సంగతిని ఇంటి స్థాయిలో కాకుండా ఊరి స్థాయిలో చూడాలంటే భద్రాచలం వెళ్లాలి. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ తర్వాత ఊరిని కాపాడటానికి కరకట్ట కట్టారు. కట్ట ఉంటే నది లోపలికి రాదు, నిజమే. కానీ ఊళ్లో కురిసిన వాన, ఊరి మురుగు నదిలోకి పోవాలి కదా. అందుకు కట్ట అడుగున తూములు పెట్టారు. గోదావరి తగ్గి ఉన్నప్పుడు కాలువల నీళ్లు తూముల గుండా నదిలో కలుస్తాయి. నది పెరిగితే అవే తూముల్లోంచి గోదావరి ఊళ్లోకి వస్తుంది కనుక షట్టర్లు దించుతారు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పొంగి వస్తే ఇక్కడ చినుకు లేకపోయినా నది ఆ గీతలు దాటుతుంది. అసలు గండం ఎప్పుడంటే, నది ఎత్తున ఉండి తూములు మూసిన వేళే ఊరి మీద కూడా వాన దంచికొట్టినప్పుడు. బయటి నీళ్లను ఆపిన తలుపే లోపలి నీళ్లనూ ఆపుతుంది. రామాలయం పరిసరాల్లో, కట్ట పక్క పల్లపు కాలనీల్లో నీళ్లు చేరేది అప్పుడే. ఇక మోటార్లు పెట్టి కట్ట అవతలికి ఎత్తిపోయడం ఒక్కటే దారి. 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు కట్ట నిలబడింది. అయినా తూముల దగ్గర లీకేజీలతో, బయటికి పోలేక నిలిచిన నీళ్లతో లోపలి కాలనీలు అవస్థ పడ్డాయి.

ఆ ఊరికి గోదావరి ఎలాగో, పల్లంలో ఉన్న ఇంటికి సైడు కాలువ అలాగ. ఊరికి తూము షట్టరు ఎలాగో, ఇంటికి నాన్ రిటర్న్ వాల్వు అలాగ. బోరు మోటారు గొట్టానికి పెట్టే ఎన్‌ఆర్‌వీ రైతులందరికీ తెలుసు. మురుగు గొట్టానికి పెట్టేది కొంచెం వేరు. స్ప్రింగు ఉండదు, పైన కీలుతో వేలాడే రేకు ఉంటుంది. ఇంటి నీళ్లు వస్తే రేకు తెరుచుకుంటుంది, కాలువ నీళ్లు తోస్తే మూసుకుంటుంది. బిగించాల్సిన చోటు ఇంటి ప్రహరీ లోపల, గొట్టం కాలువలోకి పోయే ముందు, మూత తీసి చెయ్యి పెట్టగలిగేలా కట్టిన చిన్న ఛాంబరులో. మట్టిలో పూడ్చేస్తే దాన్ని పెట్టినా పెట్టనట్టే. ఒక గుడ్డ పీలికో, షాంపూ ప్యాకెట్టో రేకుకు అడ్డం పడితే మూసుకోదు. తొలకరికి ముందొకసారి, ప్రతి పెద్ద వాన తర్వాత ఒకసారి మూత తీసి కడగాలి.

వాల్వు పెట్టించుకున్న చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. సగమే అయింది. భద్రాచలం నేర్పే రెండో పాఠం ఇంటికి కూడా వర్తిస్తుంది: తలుపు మూసిన తర్వాత లోపలి నీళ్లు ఎటు పోవాలి? రేకు మూసుకున్న గంటో రెండు గంటలో ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకుండా ఉండగలరు. కానీ డాబా నీళ్లను ఆపమంటే ఆగవు. డాబా మీది వాననీటి గొట్టాన్ని కిందకు దించి బాత్‌రూము గొట్టంలోనే కలిపేస్తే, వాల్వు మూసుకున్న క్షణం నుంచి ఆ నీళ్లన్నీ ఇంటి జాలీల్లోంచి పైకొస్తాయి. కాలువ ముంచకపోయినా సొంత డాబాయే ఇంటిని ముంచుతుంది.

అది ఎంత నీరో చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. 120 గజాల డాబా సుమారు 100 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. ఇంటి మురుగు సంగతికి వస్తే, మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లెక్క కట్టింది. ఐదుగురున్న ఇంటికి 500 లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల అంచనా, అంటే 400. ఒక్క గంట వానకు డాబా దింపే నీరు ఆ ఇంటి పన్నెండు రోజుల మురుగుకు సమానం. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మనకు ఎగువనున్న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 2023 జూలైలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ నమోదు కాని వాన అది. అదే మన డాబా మీద పడి ఉంటే దాదాపు 65,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు. ఈ నీళ్లను మురుగు గొట్టంలోకి పంపడం కన్నా పెద్ద పొరపాటు ఇంటి ప్లంబింగులో ఇంకోటి లేదు.

కాబట్టి డాబా నీళ్లకు వేరే దారి చూపాలి. పెరడు ఉంటే పెరట్లోకి, బోరు పక్కన ఇంకుడు గుంత ఉంటే దాంట్లోకి, ఏదీ లేకపోతే నేల మీదుగానే వీధిలోకి. డాబా నీళ్లు ఎత్తు మీంచి వస్తాయి కనుక వాటికి కాలువ మట్టంతో పేచీ లేదు. గొట్టాన్ని గచ్చు కిందికి దించకుండా గోడ బయటే వదిలితే రోడ్డు మీదికి అవే పోతాయి. కిందికి దించి పాతేయడంతోనే ఆ ఎత్తు పోతుంది. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట ఇదొక్కటే: వాననీటి గొట్టం, మురుగు గొట్టం ఇంటి ఆవరణలో ఎక్కడా కలవకూడదు.

వాల్వు కొనే స్థోమత లేకపోతే దాదాపు ఖర్చు లేని ఉపాయం ఇంకోటి ఉంది. ఇంటి మురుగు గొట్టం మీద, గుమ్మం బయట ఆవరణలో, ఇంటి గచ్చు కన్నా కనీసం అరడుగు కింద ఒక జాలీ ఛాంబరు కట్టించండి. నీళ్లు వెనక్కి తన్నినప్పుడు అన్నిటికన్నా కిందనున్న రంధ్రంలోంచే పైకొస్తాయి. ఆ రంధ్రం ఇంటి బయట ఉంటే పాడయ్యేది వాకిలి, వంటిల్లు కాదు. ఇల్లు మరీ పల్లమై, వాకిలి కూడా నిండి గుమ్మం దాకా వచ్చేట్టయితే ఇది పనిచేయదు. లేకపోతే చాలా ఇళ్లకు ఇదే చాలు.

మొదట చెప్పిన గుడగుడకు అర్థం ఉంది. జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. అందులో ఎప్పుడూ రెండంగుళాల లోతు, అంటే 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి, కాలువ కంపును, బొద్దింకల్ని ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. వంపు గొట్టంలో నీటిని నిలిపి వాసనను ఆపే ఈ ఉపాయానికి 1775లో పేటెంటు తీసుకున్నది అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండు గడియారాల పనివాడు. ఈ రెండున్నర శతాబ్దాల్లో దానికన్నా చవకైనది, మేలైనది ఇంకోటి రాలేదు. కానీ 50 మిల్లీమీటర్ల నీళ్లు ఆపగలిగే ఒత్తిడి చాలా తక్కువ, వాతావరణ పీడనంలో 200వ వంతు. కాలువ నిండి గొట్టం నోరు మూసుకోగానే లోపలి గాలి చిక్కుకుపోతుంది. పైకెక్కే నీరు దాన్ని ఇంటి వైపు తోస్తుంది. ఆ గాలి ట్రాప్ నీటిని చీల్చుకుని బయటపడటమే గుడగుడ. అంటే నీళ్లు రావడానికి ముందు వచ్చే కబురు అది. ఆ చప్పుడు వినగానే బట్టల మిషను, మోటారు ఆపేయాలి. బియ్యం బస్తాలు నేల మీంచి లేపాలి. నేల మీదున్న స్విచ్ బోర్డులు, ఎక్స్‌టెన్షన్ వైర్లు తీసేయాలి. నీళ్లు చేరాక కరెంటుతో ఆటలొద్దు. మెయిన్ ఆపిన తర్వాతే ఆ గదిలో అడుగు పెట్టండి.

ఆ కాస్త వ్యవధిలో జాలీని మూయొచ్చు కూడా. మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి మూతి కట్టి జాలీ మీద గట్టిగా అదిమి పెట్టడమే. అంత బరువు ఆపుతుందా అని సందేహం రావచ్చు. కాలువ మట్టం గచ్చు కన్నా అడుగు ఎత్తున ఉందనుకుందాం. నాలుగంగుళాల రంధ్రం మీద ఆ నీరు తోసే బలం రెండున్నర కిలోలకు మించదు. మీటరు ఎత్తున ఉన్నా సుమారు ఎనిమిది కిలోలే. ఐదారు కిలోల ఇసుక సంచి మామూలు ముసురును ఆపేస్తుంది, కొంచెం ఊరినా పెద్ద నష్టం లేదు. మరుగుదొడ్డి బేసిన్‌లోనూ అలాంటిదే ఒకటి. అడివంచు ఊళ్లలో దీనికి ఇంకో లాభం ఉంది. కాలువలు నిండితే పాములు, తేళ్లు పొడి చోటు వెతుక్కుంటాయి, వాటికీ ఈ గొట్టాలే దారి.

యాసిడ్ పోయడం మాత్రం మానేయాలి. మట్టం కష్టానికి యాసిడ్ చేసేదేమీ లేదు. పైగా వాన రోజుల్లో పంచాయతీ వాళ్లు కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు ఆ నీళ్లలో ఉంటుంది, ఇళ్లలోనూ చల్లుకుంటాం. బ్లీచింగు, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. యాసిడ్ సెప్టిక్ ట్యాంకులోకి చేరితే మలాన్ని కుళ్లబెట్టి కరిగించే సూక్ష్మజీవుల్ని చంపుతుంది, అక్కడ ఇంకో కష్టం మొదలవుతుంది.

దమ్మపేట లాంటి మండల కేంద్రాల్లో హైదరాబాదు లాగా భూగర్భ డ్రైనేజీ ఉండదు. మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకుకో, సిమెంటు ఒరల గుంతకో పోతాయి. ట్యాంకు లోపల బరువైనది అడుగుకు చేరి, మధ్యనున్న తేట నీరు బయటి ఇంకుడు గుంతకు పోవాలి. దానికి నీరు ట్యాంకులో కనీసం ఒక రోజు నిలవాలి. రెండు ఘనపు మీటర్ల ట్యాంకులోకి డాబా గొట్టం కలిపి ఉంటే, గంటకు 5,000 లీటర్ల వాననీరు దాన్ని 24 నిమిషాలకొకసారి కడిగేస్తుంది. ట్యాంకు శుభ్రపడుతుందని కొందరు కావాలనే అలా కలుపుతారు. శుభ్రపడదు. అడుగునున్న బురదంతా లేచి ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోయి, మట్టి రంధ్రాల్ని పూడ్చేస్తుంది. ఆ గుంత ఇక ఎండాకాలంలో కూడా ఇంకదు.

గుంత ఇంకాలంటే దాని చుట్టూ మట్టిలో ఖాళీ ఉండాలి. గుంత అడుగుకూ భూగర్భ నీటి మట్టానికీ మధ్య రెండు మీటర్లయినా పొడి మట్టి ఉండాలంటారు. వారం రోజుల ముసురుకు ఆ రెండు మీటర్లూ నానిపోతాయి. బావుల్లో నీళ్లు చేతికందే కాలంలో గుంతలోకి కూడా నీళ్లు బయటి నుంచే ఊరతాయి. అప్పుడు మరుగుదొడ్డి దిగకపోవడం ఎవరి తప్పూ కాదు, నేల నిండిపోయింది. ఆ సమయంలో ట్యాంకరు పిలిపించి ట్యాంకును పూర్తిగా తోడించేయాలని తోస్తుంది. దయచేసి ఆ పని చేయించకండి. నీళ్లు నిండిన నేలలో ఖాళీ ట్యాంకు పడవలా పైకి లేస్తుంది. రెండు ఘనపు మీటర్ల ట్యాంకు మునిగి ఉంటే దాని కిందనుంచి తోసే బలం రెండు టన్నులు. ప్లాస్టిక్ ట్యాంకయితే గొట్టాలు విరుచుకుని లేచిపోతుంది, ఇటుక ట్యాంకయితే గోడలు లోపలికి కూలొచ్చు. తోడించడం మే నెలలోపే అయిపోవాలి, అదీ రెండు మూడేళ్లకొకసారి.

తోడించేటప్పుడు మనిషిని లోపలికి దించకూడదు. ఎంత తొందరున్నా, ఎంత డబ్బిచ్చినా, ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ మొదటి ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ తప్పిస్తుంది. దించినవాణ్ని కాపాడబోయి దిగిన అన్నో తమ్ముడో కూడా అక్కడే పోతాడు. ఈ పనిని 2013 చట్టం నిషేధించింది. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆదేశించింది. ఏ పరిహారమూ ఆ మనిషిని తిరిగి తేదు. మిషను ట్యాంకరు దొరక్కపోతే ఇంకో వారం ఆగండి.

ఇల్లు ఎంత చక్కబెట్టుకున్నా వీధి కాలువ నిండుతూనే ఉంటే కష్టం తీరదు. రెండున్నర ఎకరాల జాగా, అంటే ఒక హెక్టారు, ఇళ్లతో, సీసీ రోడ్లతో నిండి ఉందనుకోండి. పడిన వానలో నూటికి డెబ్భై వంతులు కాలువకు చేరతాయని లెక్క కడితే, గంటకు 50 మిల్లీమీటర్ల వానకు సెకనుకు 97 లీటర్లు వస్తాయి. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న సైడు కాలువ వంద మీటర్లకు అర మీటరు వాటంతో ఉంటే సెకనుకు 90 లీటర్లు మోయగలదు. అంటే నిండు శుభ్రంగా ఉన్నా ఆ వానకు అది కాస్త చాలదు. అందులో సగం పూడిక ఉంటే మోసేది 45 కాదు, 37 లీటర్లే. ఎందుకంటే చోటు తగ్గడమే కాదు, లోతు తగ్గిన నీరు గోడలకు రాసుకుంటూ నెమ్మదిగా పారుతుంది కూడా. చుట్టూ పామాయిల్ తోటలు, పత్తి చేలు ఉన్న ఊళ్లలో చేలల్లోంచి వచ్చే ఒండ్రు తొలి రెండు వానలకే కాలువ అడుగున చేరుతుంది. తీసిన పూడికను కాలువ గట్టునే పోస్తే మూడో వానకు అది లోపలికే వస్తుంది.

ఇంకో అడ్డం మనమే పెడతాం. బండి ఎక్కడానికి ప్రతి ఇంటి ముందూ కాలువ మీద ర్యాంపు పోసి, కింద ఆరంగుళాల గొట్టం వేస్తాం. అడుగు చదరపు కాలువ ముందు ఆరంగుళాల గొట్టం నోరు ఐదో వంతు. వీధి చివరి ఇంటివాళ్లు వేసిన ఒక్క గొట్టం వల్ల వీధి మొదటి ఇంట్లో నీళ్లు లేస్తాయి. కాలువ మీద పలకలు పరిచి, వాటిని తీయడానికి వీలుగా ఉంచితే నోరు పూర్తిగా తెరిచే ఉంటుంది, ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఈ మాట పొరుగువాళ్లకు చెప్పడం కష్టమే. పంచాయతీ చెబితే తేలిక.

చేరేది పోయేదాని కన్నా ఎక్కువైతే మధ్యలో నీరు లేస్తుందన్న సంగతి ఈ ప్రాంతం పెద్ద రూపంలో కూడా చూసింది. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ఎగువ నుంచి వచ్చే వరదను గేట్లు దింపలేకపోయాయి. దిగువన వేలేరుపాడు మండలం ఊళ్ల దాకా ఇళ్లు, పొలాలు మునిగాయి. ప్రాజెక్టుకు గేట్లు ఎంతో వీధికి కాలువ నోరు అంత.

నీళ్లు ఇంట్లోకి వచ్చి దిగిపోయిన తర్వాత గచ్చు కడిగితే సరిపోదని కూడా చెప్పాలి. చాలా ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నీరు ఇంకుడు గుంతకు కాకుండా నేరుగా సైడు కాలువకే పోతుంది. కనుక వచ్చింది బురదనీరు కాదు, ఊరందరి మలం కలిసిన నీరు. టైఫాయిడు, కామెర్లు, నీళ్ల విరేచనాలు దాంతోనే వస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ కాలి పుండ్లలోంచి, పగుళ్లలోంచి ఒంట్లోకి చేరుతుంది. వట్టి కాళ్లతో దిగొద్దు. సబ్బుతో కడిగాకే బ్లీచింగు నీళ్లు చల్లాలి, బురద మీద చల్లితే అది పనిచేయకుండానే పోతుంది. నీటి సంపు మూత దాకా మురుగు చేరి ఉంటే సంపు తోడి కడిగిన తర్వాతే భగీరథ నీళ్లు పట్టుకోండి.

ఇక రోడ్డు సంగతి. పాత పెంకుటిళ్లకు నడుమెత్తు అరుగులు ఉండేవి. వీధి ఎంత పారినా గుమ్మం దాటి వచ్చేది కాదు. ఇప్పుడు ఇల్లు రోడ్డు మట్టానికి అడుగు ఎత్తున కడుతున్నాం. పదేళ్లకు రోడ్డు పాడైతే పాతదాన్ని తవ్వకుండా దాని మీదే ఆరంగుళాల సీసీ పోస్తారు, కాలువ గోడల్నీ అంత లేపుతారు. ఇంకోసారి పోస్తే ఆ అడుగు కాస్తా అయిపోతుంది. ఇల్లు కదల్లేదు, వీధే పైకెక్కింది. కొత్త రోడ్డుకు ఎస్టిమేటు వేస్తున్నారని తెలిసిన రోజే గ్రామసభలో రెండు సంగతులు అడగాలి. పాత రోడ్డును తవ్వి అదే మట్టానికి పోస్తారా, కాలువ అడుగు మట్టం వీధి చివర ఎంతకు దిగుతుంది? ఇంజనీరు దగ్గర లెవెల్ మిషను ఉంటుంది, మీ గుమ్మం మట్టం కూడా అందులో రాయించండి. కాంక్రీటు గట్టిపడిన తర్వాత ఆ ఆరంగుళాలు వెనక్కి రావు.